చెప్పు జారినా తెలియని కాలు

పోయిన నెల ఊరెళ్లినప్పుడు చూశాను. నాన్న బజారు నుంచి వస్తుంటే ఎడమ కాలి చెప్పు గేటు దగ్గరే ఊడిపోయింది. ఆయన మాత్రం ఒంటి చెప్పుతో అరుగు దాకా వచ్చేశారు. "నాన్నా, రెండో చెప్పేదీ?" అంటే కిందకి చూసుకుని, "వయసైపోతోందిరా" అని నవ్వేశారు. నేనూ నవ్వాను. ఆయనకి షుగర్ వచ్చి 12 ఏళ్లని రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది.

అప్పట్నుంచి పాదాల గురించి తెగ చదువుతున్నా. ఒక్కో పాదంలో 26 ఎముకలట. ఒంట్లో ఉన్న 206లో దాదాపు నాలుగో వంతు ఆ రెండు పాదాల్లోనే! చెప్పులు తీసి నిలబడి, మీ కాలి బొటనవేలిని పైకి ఎత్తమని ఎవరికైనా చెప్పండి. పాదం లోపలి ఒంపు దానంతటదే లేస్తుంది. మడమ నుంచి వేళ్ల దాకా అరికాల్లో ఒక గట్టి పట్టీ ఉంటుంది, ప్లాంటార్ ఫేషియా అంటారు. వేలు లేస్తే అది గిలకకి చేద తాడు చుట్టుకున్నట్టు బిగుస్తుంది. అంతవరకూ నేలకి ఒదిగిపోయిన పాదం, అడుగు తీసే క్షణానికి గట్టిపడి మనల్ని ముందుకు తోస్తుంది. హిక్స్ అనే ఆయన 1954లో ఈ కిటుకు రాశారు. ఇంజనీరింగ్‌లో మెకానిక్స్ ఎలాగోలా గట్టెక్కించిన నాకే ముచ్చటేసింది.

అయితే ఇదంతా స్పర్శ ఉన్నంతవరకే. ఒకచోట నొక్కుకుపోతుంటే మనకి తెలియకుండానే బరువు పక్కకి వేసేస్తాం. షుగర్ వల్ల నరాలు దెబ్బతింటే ఆ కబురు పైకి వెళ్లదు. పాదంలోని చిన్న కండరాలు నీరసించి వేళ్లు వంకర తిరుగుతాయి. బరువంతా వేళ్ల మొదళ్ల మీద పడి అక్కడ చర్మం కాయ కాస్తుంది. ఆ కాయే బూటులో రాయిలా లోపల నొక్కుతుంది. కింద పుండు పడినా మనిషి హాయిగా నడిచేస్తుంటాడు. భయం అదే.

దీన్ని ముందుగా పట్టుకున్నవాళ్లలో ఒకాయన మన పక్కనే, వెల్లూరులో పనిచేశారు. 1946లో అక్కడికొచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్. లెప్రసీ పేషెంట్ల వేళ్లు జబ్బుతో వాటంతటవే రాలిపోవట్లేదనీ, నొప్పి తెలియక తగిలించుకున్న దెబ్బలే కారణమనీ ఆయన చూపించారు. షుగర్ కాళ్లకి మెత్తటి ఎంసీఆర్ రబ్బరు చెప్పులు రాసేది కూడా ఈ లెక్కతోనే.

నాన్నని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లు మూసుకోమని, 10 గ్రాముల బరువుకి వంగే నైలాన్ దారంతో పాదం మీద అక్కడక్కడా తాకించారు. తెలిస్తే "ఆ" అనాలి. కుడికాలికి అన్నీ చెప్పారు. ఎడమ బొటనవేలి దగ్గర మాత్రం దారం వంగిపోయింది. నాన్న ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఇంట్లో చేసుకునేది కూడా ఒకటుంది, ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్. అమ్మానాన్నల్ని కళ్లు మూసుకోమని, రెండు కాళ్లకీ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసల్ని మీ చూపుడు వేలితో ఒకట్రెండు సెకన్లు ఊరికే తాకండి. నొక్కొద్దు. ఆరింట్లో రెండు తెలియకపోయినా డాక్టర్‌కి చూపించాల్సిందే.

ఇప్పుడు రోజూ రాత్రి వీడియో కాల్‌లో అరికాళ్లు చూపించమంటున్నా. మొదట్లో "కొడుక్కి కాళ్లు చూపించడమేంట్రా" అని ఒకటే మొహమాటం. నిన్న మాత్రం కాల్ ఎత్తగానే స్క్రీన్ నిండా పాదమే. "ఇవాళ్టి రిపోర్ట్" అన్నారు.