ఇంటిపనికి చేతి డ్రిల్లు
ఉప్పుగాలి ఇనుమును తినివేయుచు, తుపాను వచ్చినప్పుడెల్ల విద్యుత్తు నిలిచిపోవు ఉప్పాడవంటి తీరగ్రామమున, జాందానీ చీరల మగ్గపు కొయ్యకో, తలుపు గడియకో రెండు రంధ్రములు వేయుటకై కరెంటు డ్రిల్లే కొనవలెనని పట్టుపట్టుట నాకు అనుచితముగా దోచుచున్నది. వెనుకటి వడ్రంగులు త్రాటితో త్రిప్పిన బర్మా చేసిన పనినే చేయు చేతి డ్రిల్లు ఇందులకు చాలును. కొనునప్పుడు అంగడిలోనే పిడి త్రిప్పి చూడవలయును: పళ్లచక్రములు అదరక, జారక, ఒకదాని నొకటి మెత్తగా పట్టవలెను, బిట్టును పట్టు చక్కులోని మూడు దవడలును దానిని సరిగా నడుమ బిగింపవలెను, త్రిప్పగా బిట్టు వంకరగా తిరిగినచో, వెల యెంత తక్కువైనను దానిని నిస్సంకోచముగ విడువవలయును. కొయ్యలో సుమారు 6 మిల్లీమీటర్ల రంధ్రము వరకు చేతి డ్రిల్లు సమర్థము. కాంక్రీటు గోడకు మాత్రము పనికిరాదు. పని ముగిసిన వెంటనే తుడిచి నూనె పూయనిచో, ఎంత మేలిరకమైనను ఈ తీరమున త్రుప్పు పాలగును.