ఒక్క గోలు గెలుపు

2016 ఫిబ్రవరి 27. ఇంగ్లండ్‌లోని లెస్టర్ నగరం. సొంత మైదానంలో లెస్టర్ జట్టు నార్విచ్‌తో ఆడుతున్న ఫుట్‌బాల్ ఆట ముగింపుకొచ్చినా గోలు లేదు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన లెస్టర్ ఆటగాడు ఉల్లోవా 89వ నిమిషంలో బంతిని వలలోకి నెట్టాడు. స్టేడియం దగ్గర్లోని ఓ బడిలో యూనివర్సిటీ విద్యార్థులు పెట్టిన భూకంపలేఖిని, అభిమానుల గంతులకు 0.3 తీవ్రత నమోదు చేసింది!

నాలాంటి అభిమానికి 4-0 గెలుపు మర్నాటికే పాతబడుతుంది. 1-0 మాత్రం ఏళ్లు గడిచినా గుర్తుంటుంది. చివరి విజిల్ దాకా ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని చూసిన ఆట మరి! అవతలి జట్టువాళ్లు అదృష్టమని తీసిపారేస్తారు. కానీ ఆ తర్వాత న్యూకాజిల్‌నూ, సౌతాంప్టన్‌నూ లెస్టర్ సొంతగడ్డపై అదే తేడాతో ఓడించింది. మాటిమాటికీ కలిసొచ్చేదాన్ని అదృష్టమని ఎలా అంటాం? వచ్చిన ఆధిక్యాన్ని కాపాడుకోవడమూ ఒక విద్యే. సీజన్ మొదట్లో బుకీలు టైటిల్ గెలిచే అవకాశం 5000కి 1 అని లెక్కగట్టిన జట్టు మే నెలలో ప్రీమియర్ లీగ్ ఛాంపియన్ అయింది.

ఈ క్రీడా సంచికలోని వ్యాసాలు చదివేటప్పుడు స్కోరుతోపాటు గోలు పడిన నిమిషాన్నీ గమనించండి. అభిమాని పడిన యాతన ఎంతో తెలిసేది దాన్నిబట్టే.

– సంపాదకుడు