డొమైన్ దొరికింది సరే, ఆ పేరు మీదేనా?

మా నాదెండ్ల నుంచి నరసరావుపేట వైపు వెళ్లినా, చిలకలూరిపేట వైపు వెళ్లినా వెంచర్ల ఫ్లెక్సీలు కనిపిస్తూనే ఉంటాయి. ఊళ్లో సాఫ్ట్‌వేర్ చేస్తున్నామని తెలిస్తే చాలు, ఎవరో ఒక బాబాయ్ "మన వెంచర్‌కి వెబ్‌సైట్ పేరు బుక్ చెయ్యరా" అంటాడు. మనం సెర్చ్ చేస్తాం, 'అవైలబుల్' అని పచ్చగా చూపిస్తుంది, డబ్బులు కట్టేస్తాం. నన్నడిగితే అక్కడికి పని సగమే అయినట్టు.

ఆ పచ్చ టిక్‌కి అర్థం ఒక్కటే: ఆ స్పెల్లింగ్‌ని ఇంకా ఎవరూ కొనలేదు. డొమైన్ అమ్మే కంపెనీ ట్రేడ్‌మార్క్ చూడదు. ముందొచ్చినవాళ్లకి ఇచ్చేస్తుంది, అంతే.

దీనికి మన హైదరాబాద్ సత్యం గ్రూప్ కేసే మంచి ఉదాహరణ. సత్యం ఇన్ఫోవే 1999లో 'సిఫీ' పేరుతో డొమైన్లు తీసుకుంది. సిఫీనెట్, సిఫీమాల్‌తో పాటు సిఫీరియల్ఎస్టేట్.కామ్ కూడా అందులో ఉంది. 2001లో ఇంకో కంపెనీ సిఫ్ఫీనెట్ పేరుతో డొమైన్ తీసుకుంది. స్పెల్లింగ్‌లో ఒక్క 'ఎఫ్' ఎక్కువ. మా ఐదుగురు ప్రమోటర్ల పేర్లలో మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్నామని వాదించింది. కర్ణాటక హైకోర్టులో నెగ్గింది కూడా. కానీ 2004 మేలో సుప్రీంకోర్టు ఆ వాదన నమ్మలేదు. డొమైన్ పేరు ఉత్త అడ్రస్ కాదు, వ్యాపారానికి గుర్తు కూడా, కాబట్టి ట్రేడ్‌మార్క్‌కి ఉన్నట్టే దానికీ చట్టరక్షణ ఉంటుందని తేల్చింది.

పార్ట్‌నర్ల పేర్లలో అక్షరాలు కలిపి కంపెనీ పేరు పెట్టడం మన దగ్గర ఎంత కామనో తెలిసిందే కదా. పేరు వెనక ఎంత మంచి కథ ఉన్నా, కొనేవాళ్లు వేరే కంపెనీ అనుకుని పొరబడేలా ఉంటే ఆ కథ కాపాడదు. పెద్ద బ్రాండ్ పేరు పక్కన 'అమరావతి' అనో 'ప్లాట్స్' అనో తగిలించినా అంతే.

"చిన్న ఊరి వెంచర్‌ని ఎవడు పట్టించుకుంటాడు?" అనకండి. డొమైన్ లాక్కోడానికి కోర్టు దాకా వెళ్లక్కర్లేదు. డాట్ కామ్‌కి యూడీఆర్‌పీ, డాట్ ఇన్‌కి ఐఎన్‌డీఆర్‌పీ అని వేరే ఫిర్యాదు పద్ధతులున్నాయి. యూడీఆర్‌పీలో మీరు చెడు ఉద్దేశంతో రిజిస్టర్ చేసి, అలాగే వాడుతున్నారని రెండూ చూపించాలి. ఐఎన్‌డీఆర్‌పీలో రెంటిలో ఒకటి చాలు.

మొబైల్ యాప్‌కి పేరు మారిస్తే ఒక అప్‌డేట్‌తో పోతుంది. రియల్ ఎస్టేట్‌లో ఆ పేరు ఫ్లెక్సీల మీద, బ్రోచర్ల మీద, రసీదుల మీద ఉంటుంది. అడ్వాన్స్ కట్టినవాళ్లకి ఒకరోజు సైట్ ఓపెన్ అవ్వకపోతే, వాళ్లకి గుర్తొచ్చేది ట్రేడ్‌మార్క్ గొడవ కాదు, తమ డబ్బు.

అమెరికాలో ఏజెంట్లుగా చేస్తున్న మనవాళ్లకి ఇంకో చిక్కుంది. మనం మామూలు మాట అనుకునే 'రియల్టర్' అక్కడ నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ ట్రేడ్‌మార్క్. సభ్యులైనా సరే, 'బెస్ట్' లాంటి వర్ణన మాటలు దానికి తగిలించి డొమైన్ పెట్టుకోడానికి వాళ్ల రూల్స్ ఒప్పుకోవు.

అలాగని మరీ మామూలు పేరు పెట్టినా లాభం లేదు. ఊరి పేరు, 'ప్లాట్స్' కలిపితే గొడవ తక్కువే, కానీ రేపు పక్కవాడు దాదాపు అదే పేరు పెడితే ఆపడం కష్టం. అందుకే నా ఓటు ఎవరూ వాడని కొత్త మాటకే.

చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఐపీ ఇండియా సైట్‌లో ట్రేడ్‌మార్క్ సెర్చ్ ఫ్రీ. రియల్ ఎస్టేట్‌కి 36వ క్లాస్, నిర్మాణానికి 37వ క్లాస్ చూడండి. స్పెల్లింగ్‌తో పాటు ఉచ్చారణతోనూ వెతకండి. ఖాళీగా కనిపిస్తే డొమైన్ కొని, వెంటనే ట్రేడ్‌మార్క్‌కి అప్లై చేయించండి. వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఆన్‌లైన్ ఫీజు క్లాస్‌కి 4,500 రూపాయలు. పెద్ద బ్రాండ్‌కి దగ్గరగా అనిపిస్తే లాయర్‌ని అడగండి.

పేర్లు సజెస్ట్ చేసే ఏఐ టూల్స్‌ని నమ్ముకుని ఈ స్టెప్ వదిలెయ్యొద్దు. డొమైన్ బుక్ చేసేది మనమే కాబట్టి, డబ్బులు కట్టకముందే బాబాయ్‌కి ఈ సంగతి చెప్పాల్సిందీ మనమే.