నిద్ర పట్టట్లేదండి అన్న ఆమె

మామిడికుదురు, నగరం, పాశర్లపూడి, అప్పనపల్లి ఊళ్లలో ఇరవై ఎనిమిదేళ్లు ఏఎన్ఎంగా తిరిగాను. తాగే మగవాడిని గుర్తుపట్టడానికి నర్సు అక్కర్లేదు. పడిపోతే పెళ్లాం, తల్లి, బావమరిది కలిసి ఆటోలో వేసుకొస్తారు. తాగే ఆడమనిషి మాత్రం ఒక్కతే వచ్చి, "నిద్ర పట్టట్లేదండి, కడుపులో మంటండి" అంటుంది.

అలా వచ్చిన ఒకామెకు ఏడాది పాటు గ్యాస్ బిళ్లలే ఇచ్చాను. గుర్తులు మార్చి చెబుతున్నాను. ఓ ఉదయం మనవడికి టీకా వేయించడానికి వచ్చింది. కార్డు పట్టుకున్న చేతులు వణుకుతున్నాయి, కళ్లు పచ్చబడ్డాయి. గదిలోకి తీసుకెళ్లి అడిగాను. భర్త పోయాక నిద్ర కోసం మొదలుపెట్టిందట. సీసా బియ్యం డ్రమ్ములో దాచేది. "మా అబ్బాయికి తెలిస్తే చచ్చిపోతానండి" అంది. అప్పటికి తాగడం మొదలుపెట్టి రెండేళ్లే. ఆ వీధిలోనే పదిహేనేళ్లుగా తాగుతున్న మగవాడు ఇంకా కొబ్బరిచెట్లు ఎక్కుతున్నాడు.

ఈ తేడా ఒంట్లోనే ఉంది. మందు కలిసేది ఒంట్లోని నీటిలో. ఆడవాళ్లకు ఆ నీటిపాలు తక్కువ. అందుకే అదే బరువున్న మగవాడు తాగినంతే తాగినా ఆమె రక్తంలో మందు ఎక్కువ చేరుతుంది, కాలేయం ముందే దెబ్బతింటుంది. చికిత్సకు వచ్చినవాళ్లను చూస్తే, ఆలస్యంగా మొదలుపెట్టిన ఆడవాళ్లు కూడా త్వరగా బానిసలైనట్టు చాలా అధ్యయనాలు చెప్పాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 23 శాతం తాగుతామన్నారు. ఆడవాళ్లలో 0.5 శాతం, అంటే రెండొందల మందిలో ఒక్కరు. తెలంగాణ ఆడవాళ్లలో దాదాపు 7 శాతం. నేనూ ఇళ్లకు వెళ్లి సర్వేలు చేసినదాన్నే. అత్తగారు అరుగు మీద కూర్చుని వింటుంటే ఏ కోడలు ఔనంటుంది?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. మరుసటేడు రాష్ట్రమంతా సారా ఆగింది, 1995లో మద్య నిషేధమే వచ్చింది. ఆ పోరాటమంటే నాకు ప్రాణం. అయితే ఆనాటి నుంచీ మన మాటల్లో మద్యం దగ్గర ఆడదంటే దెబ్బలు తినేదో, దుకాణం మూయించేదో. తానే తాగి కూలిపోతున్నదాన్ని మనం లెక్కలోకే తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు. ఆ ఏడాది బిళ్లలు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

బీపీ చూసినట్టే, తాగుతారా అని కూడా ప్రతి ఆడమనిషినీ అడగాలి. ఒంటరిగా, తలుపు వేసి అడగాలి. ఇంట్లోవాళ్లకు తెలిస్తే తిట్టి, ఆ రోజే మానిపించాలని చూస్తారు. అది ప్రమాదం. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు దగ్గరే మాన్పించాలి. 14446కు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా చెబుతారు. మాన్పించే చోట ఆడవాళ్లకు విడిగా మంచాలు కావాలి, చంటిబిడ్డను వెంట ఉంచుకోనివ్వాలి.

మగవాడిని చేర్చినప్పుడు భార్య తోడుంటుంది. ఆమెకు ఎవరున్నారు? నా దగ్గరికి వచ్చిన ఆమెను పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్లాను. "మీకేమవుతారు?" అని అడిగితే అక్క అని రాయించాను. కొడుక్కి పచ్చకామెర్లని చెప్పాం. పదకొండు రాత్రులు ఆమె మంచం పక్కన చాప వేసుకున్నాను.