ఆటలో అరటిపండు

బెల్లంపల్లి బొగ్గుబావుల కాలనీలలో పిల్లలు ఆడుకుంటున్నప్పుడు మరీ చిన్నవాడు వచ్చి చేరితే "వీడు ఆటలో అరటిపండు" అంటారు. వాడు పరుగెత్తవచ్చు గాని, ఓడినా గెలిచినా లెక్కలోకి రాడు. అది దయే, కాని న్యాయం కాదు.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పూర్వ విద్యార్థి ఒకడు ఇటీవల బౌలింగ్ లీగు సంగతి వివరించాడు. బరువైన బంతిని దొర్లించి పది పిన్నులను పడగొట్టే ఆట అది. ఒక ఆటలో గరిష్ఠ స్కోరు 300. లీగువారు ఒక మూల సంఖ్యను నిర్ణయిస్తారు, 200 అనుకుందాం. దానికీ ఆటగాని సగటుకూ గల తేడాలో, ఉదాహరణకు, 90 శాతం అతనికి కలుపుతారు. దీనినే హ్యాండిక్యాప్ అంటారు. సగటు 180 గలవానికి 18, సగటు 120 గలవానికి 72 లభిస్తాయి. ఒకనాడు మొదటివాడు 185, రెండవవాడు 135 సాధిస్తే మొత్తం 203, 207 అవుతాయి. తన స్థాయిని ఎక్కువగా మించినవాడే విజేత. తేడా మొత్తాన్నీ పూడ్చరు గనుక నేర్పరి శ్రమకూ కొంత విలువ మిగులుతుంది.

ఈ నీతి మనకు కొత్త కాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) గుర్రపు పందెం నిర్వహించినప్పుడు, తర్ఫీదు పొందిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ వదా వరకు, తర్ఫీదు లేనివాటికి అక్కడి నుండి బనీ జురైఖ్ మస్జిద్ వరకే దూరం నిర్ణయించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం బుఖారీలో ఉంది. మొదటిది ఐదారు మైళ్లు, రెండవది ఒక మైలు.

అయితే ఈ లెక్క నిజాయితీపైనే నిలుస్తుంది. కావాలని పేలవంగా ఆడి సగటు తగ్గించుకునేవారూ ఉంటారట. మా మదర్సాలోనూ అదే జరిగింది. పరుగు పందెంలో, ముందుగా పరీక్షించి, నెమ్మదిగా పరుగెత్తేవారిని కొన్ని అడుగులు ముందు నిలబెట్టేవారము. ఒక విద్యార్థి పరీక్షలో కావాలని వెనుకబడి, పందెంలో బహుమతి గెలుచుకున్నాడు. కోపంతో మరుసటి ఏడు ఆ సౌలభ్యాన్నే రద్దు చేశాము. చిన్నపిల్లలు మళ్లీ అరటిపండ్లయ్యారు. కొందరు పేరే ఇవ్వలేదు. మోసగించినవానిని దండించబోయి బలహీనులను దండించామని అప్పుడు గ్రహించాము. ఇప్పుడు ఒక్కసారి కాక, పలుమార్లు పరుగెత్తించి చూసి దూరం నిర్ణయిస్తున్నాము.

పేదల కోసం ఉంచిన సహాయాన్ని అబద్ధం చెప్పి పొందేవారు ఆలోచించాలి: వారు కాజేసేది సొమ్మును మాత్రమే కాదు, తర్వాత రాబోయే నిజమైన అర్హునిపై సమాజానికి ఉన్న నమ్మకాన్ని కూడా. అల్లాహ్ మనకు న్యాయబుద్ధినీ నిజాయితీనీ ప్రసాదించుగాక! ఆమీన్.