సున్నం వేసే ముందు

సంపాదకులకు,

పాత జైళ్లను ప్రభుత్వ కార్యాలయాలుగా మారిస్తే తెలంగాణ సాయుధ పోరాటాన్ని అవమానించినట్టేనని మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. ఆయన ఆవేదన అర్థమైంది గానీ ఆ మాట ఒప్పుకోలేను.

ఆ పోరాట యోధురాలు మల్లు స్వరాజ్యాన్ని 1978లో, 1983లో అసెంబ్లీకి పంపిన తుంగతుర్తి వాళ్లకు జైలు గోడల విలువ ఒకరు చెప్పక్కర్లేదు. కానీ చూడండి, వరంగల్ సెంట్రల్ జైలును ఏ ఆఫీసుకూ ఇవ్వలేదు. 2021లో ఆసుపత్రి కోసం కూల్చేశారు. ముషీరాబాద్ జైలు స్థలంలో ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉంది. ఆసుపత్రులు వద్దనడం లేదు, జైళ్లు పోయాయంటున్నాను.

సంగారెడ్డిలో 1796 నాటి జైలు మ్యూజియమై నిలిచింది. 2016లో ఐదు వందలు కడితే ఒక రోజు ఖైదీగా ఉండనిచ్చారు కూడా (ఎవరి సరదా వాళ్లది!). అయితే ప్రతి సబ్‌జైలుకూ టికెట్టు కొనేవాళ్లు దొరకరు. తాళం పడిన కట్టడం మీద రావి మొక్క మొలవడానికి ఎంతోకాలం పట్టదు. అదే తహసీల్ ఆఫీసుంటే, వచ్చిపోయే రైతుల కోసమైనా కప్పు కురవకుండా చూసుకుంటారు.

నా భయం వేరు. కవి దాశరథి నిజామాబాద్ ఖిల్లా జైల్లో పళ్లు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. అలాంటి గోడ మన ఆఫీసు చేతికొస్తే? తనిఖీ అనగానే సున్నం, దాని మీద పథకాల ఫ్లెక్సీ, ఏసీ కోసం డ్రిల్లింగ్ మిషన్. అందుకే అప్పగించే ముందే ఫొటోలు తీసి, ఒక బ్యారక్‌నైనా ఉన్నదున్నట్టు వదిలి, గోడలు ముట్టుకోకూడదని ఉత్తర్వులోనే రాయాలి. గాలాడని సెల్లుల్లో గుమస్తాలను మాత్రం కూర్చోబెట్టకండి. ఫైళ్లు పెట్టుకోవచ్చు, అవెలాగూ ఏళ్ల తరబడి బయటికి రావు.

– ఒక పాఠకుడు, తుంగతుర్తి