పాత పాట తెరుచుకోవాలి

"మీకేం కావాలో చెప్పండి, ఓట్లేయండి, ఎక్కువ ఓట్లొచ్చింది చేస్తాం." సాఫ్ట్‌వేర్ కంపెనీల ఈ మాట వినడానికి ప్రజాస్వామ్యంలాగే ఉంటుంది. సంగీతం చేసేవాళ్ళు వాడే శాంప్లర్ల విషయంలో మాత్రం ఇది కంటితుడుపు.

శాంప్లర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఒక వయొలిన్‌ని స్వరం స్వరం రికార్డు చేసి, ఏ మీటకి ఏ ముక్క పలకాలో, మెల్లగా నొక్కితే ఏది, గట్టిగా నొక్కితే ఏది అని రాసిపెట్టుకునే ప్లగిన్ అది. ఆ రాతంతా సాధారణంగా దాని సొంత ఫార్మాట్‌లో ఉంటుంది. సుత్తి పోతే ఇంకో సుత్తి కొనుక్కుంటాం, కట్టిన ఇల్లు కూలదు. శాంప్లర్ పోతే దాంతో కట్టిన పాట తెరుచుకోదు.

ఇది ఊరికే పడే భయం కాదు. 1998లో వచ్చిన గిగాశాంప్లర్, శబ్దాలని మొత్తంగా మెమరీలోకి ఎక్కించకుండా హార్డ్‌డిస్క్ నుంచే వాయించింది. మెగాబైట్లలో ఇరుక్కున్న పియానో గిగాబైట్ సైజుకి ఎదిగింది. దాని తర్వాతి రూపం గిగాస్టూడియోని నమ్ముకుని ఎందరో తమ వాద్యాలన్నీ అందులో పేర్చుకున్నారు. 2008లో టాస్కామ్ దాన్ని ఆపేసింది. అంతకుముందు 2002లో, ఇఎక్స్‌ఎస్24 శాంప్లర్ తయారుచేసిన ఎమాజిక్‌ని యాపిల్ కొని, అదే ఏడాది విండోస్‌ లాజిక్‌కి మంగళం పాడింది. ఈ రెండిట్లో దేనికీ ఎవరూ ఓటు అడగలేదు.

మరి ఓటు దేనికి? కిటికీ సైజుకి, కొత్త ఎఫెక్టుకి, బటన్ల రంగుకి. వేసేదెవరు? నిన్నగాక మొన్న కొన్నవాళ్ళు. పదేళ్ళ కింద ఒక నాటకానికి సంగీతం చేసి ఫైలు పక్కన పెట్టినవాడు ఓటెయ్యడానికి రాడు. మళ్ళీ ఆ ఫైలు తెరవాల్సొచ్చిన రోజే అతనికి ఫిర్యాదు పుడుతుంది. అప్పటికి వినే నాథుడుండడు.

వాడేవాళ్ళకి గొంతు లేదనీ కాదు. 2023 మార్చిలో వేవ్స్ అనే ప్లగిన్ల కంపెనీ, ఇకమీదట చందాలే తప్ప శాశ్వత లైసెన్సులు అమ్మం అంది. జనం తిరగబడ్డారు. కంపెనీ రోజుల్లోనే దిగొచ్చింది. జేబు మీద చెయ్యి పడితే లేచే ఆ గొంతు, ఫార్మాట్ గురించి ఎందుకు లేవదు?

ఇదేదో సంగీతంవాళ్ళ గొడవ, మనకెందుకు అంటారా? యూనికోడ్‌కి ముందు పేజ్‌మేకర్లో, అను ఫాంట్లతో కంపోజ్ చేసిన తెలుగు పుస్తకాలు గుర్తు తెచ్చుకోండి. ఫైలు దొరికినా, ఆ ఫాంటు లేకపోతే తెరమీద కనిపించేవి అర్థంపర్థం లేని గుర్తులు. అచ్చయింది కాబట్టి పుస్తకం బతికింది. రికార్డయింది కాబట్టి పాటా బతుకుతుంది, నిజమే. కానీ దాన్ని విప్పి వయొలిన్ వరస ఒక్కటి మార్చాలంటే?

"పాత కోడ్‌ని ఎన్నాళ్ళని మొయ్యాలి?" అని డెవలపర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2020లో అదే యాపిల్ ఇఎక్స్‌ఎస్24 స్థానంలో కొత్త శాంప్లర్ పెట్టింది, పాత వాద్యాలు అందులో తెరుచుకునేలా చూసింది. అంటే తలుచుకుంటే మొయ్యొచ్చు. మొయ్యలేనివాళ్ళకీ దారుంది. ఎస్‌ఎఫ్‌జెడ్ అనే ఫార్మాట్ ఉత్త టెక్స్ట్ ఫైలు. ఏ మీటకి ఏ శబ్దమో నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. అలాంటి రూపంలోకి మార్చుకునే వీలివ్వండి. లేదా మీ ఫార్మాట్ వివరాలు బయటపెట్టండి, ఇంకెవరైనా మోస్తారు. గిగా ఫైళ్ళని ఇవాళ చదువుతున్న లైనక్స్‌శాంప్లర్, వాటిని అమ్మిన కంపెనీ చేసింది కాదు.

కాబట్టి ఈసారి "మీకేం కావాలి?" అని అడిగినప్పుడు కొత్త ఎఫెక్టుల చిట్టా పంపకండి. ఒకటే అడగండి: మీరు దుకాణం కట్టేసిన మర్నాడు నా ఫైలు ఎలా తెరుచుకుంటుంది? దానికి జవాబు చెప్పలేని కంపెనీకి పైసా ఇవ్వకండి.